పాత డ్యూయల్ ప్రాసెసర్ లినక్స్ మెషీన్: ఏ బోర్డు కొనాలి, ఏ రెయిడ్ పెట్టాలి

రెండు ప్రాసెసర్ల పాత మెషీన్ కట్టుకుందామనుకునేవాళ్లు చాలామంది ముందు మెగాహెర్ట్జ్ చూస్తారు. నన్నడిగితే అది చివర చూడాల్సింది. 1998-2003 మధ్య వచ్చిన డ్యూయల్ బోర్డుల్లో అసలు తేడా ప్రాసెసర్ వేగంలో కన్నా, డిస్కు నుంచి మెమరీకి డేటా వచ్చే దారిలో ఉంటుంది. సాఫ్ట్‌వేర్ రెయిడ్ (ప్రత్యేక కార్డు లేకుండా కెర్నల్‌తోనే కొన్ని డిస్కుల్ని ఒక జట్టుగా కట్టడం) పెట్టేవాళ్లకు ఆ దారే ముఖ్యం. ఈ పోలిక మొత్తం ఆ లెక్కలోనే చేస్తున్నాను.

ఇంకో సంగతి ముందే తేల్చుకోవాలి. ఈ మెషీన్‌తో ఏం చేద్దామని? ఇంట్లో చిన్న ఫైల్ సర్వర్, గిట్ సర్వర్, కెర్నల్ కంపైల్ చేసి చూసుకోవడం, 2.2, 2.4 కాలం నాటి లినక్స్ అనుభవం, ఇవన్నీ బాగానే కుదురుతాయి. వెబ్ బ్రౌజింగ్ మాత్రం మర్చిపోండి. పెంటియం 3, అథ్లాన్ ఎంపీ చిప్‌లలో ఎస్‌ఎస్‌ఈ2 అనే ప్రాసెసర్ ఆదేశాల సెట్ లేదు. లినక్స్‌లో ఫైర్‌ఫాక్స్ 2017లో వచ్చిన 53వ వెర్షన్ నుంచి ఎస్‌ఎస్‌ఈ2 లేనిదే నడవదు. అంతకుముందే క్రోమ్ కూడా అదే పని చేసింది.

అబిట్ బీపీ6

పాత హార్డ్‌వేర్ పిచ్చి ఉన్నవాళ్లు ముందుగా చెప్పే పేరు ఇదే. 1999లో వచ్చింది. మామూలు సెలెరాన్‌లను ఏ మార్పూ చెయ్యకుండా జంటగా నడిపిన మొదటి బోర్డు. డ్యూయల్ ప్రాసెసర్ అంటే ఆఫీసు సర్వర్లకే అనుకునే రోజుల్లో కాలేజీ కుర్రాళ్ల టేబుల్ మీదకు దాన్ని తెచ్చిన ఘనత బీపీ6దే. 366 మెగాహెర్ట్జ్ సెలెరాన్ మల్టిప్లయర్ 5.5. బస్సును (ప్రాసెసర్‌ను మిగతా బోర్డుతో కలిపే దారిని) 66 మెగాహెర్ట్జ్ నుంచి 100కి పెంచితే 550 వస్తుంది, చాలా చిప్‌లు ఒప్పుకునేవి కూడా.

రెయిడ్ కోసం చూస్తే దీనిలో ఒక పెద్ద ఆకర్షణ ఉంది. ఇంటెల్ 440బీఎక్స్ చిప్‌సెట్ ఇచ్చే రెండు ఐడీఈ (ఆ కాలపు డిస్కులు తగిలించే కనెక్షన్) ఛానెళ్లతో పాటు హైపాయింట్ హెచ్‌పీటీ366 చిప్ మీద ఇంకో రెండు ఛానెళ్లున్నాయి. అంటే నాలుగు డిస్కులకు నాలుగు కేబుళ్లు, ఎవరి దారి వారిది. కాగితం మీద చాలా బాగుంది. కానీ లినక్స్ కెర్నల్‌లో హెచ్‌పీటీ366 పాత డ్రైవర్ సోర్సు తెరిచి చూడండి: ఫలానా డిస్కు మోడల్‌ను ఫలానా వేగం మించి నడపొద్దు అని బ్లాక్‌లిస్టులే రాసి ఉంటాయి. ఆ చిప్ ఎంత సతాయించి ఉంటే డ్రైవర్ రాసినవాళ్లు అంత ఓపిగ్గా జాబితాలు కట్టి ఉంటారు!

రెండో ఇబ్బంది, ఏపీఐసీ (ప్రాసెసర్లకు ఇంటరప్టులు, అంటే పరికరాల పిలుపులు, అందించే భాగం) ఎర్రర్లు. ఈ బోర్డుల్లో చాలావాటిలో కెర్నల్ లాగ్ తెరిస్తే "ఏపీఐసీ ఎర్రర్ ఆన్ సీపీయూ0: 02(02)" అనే లైన్లు కనిపిస్తాయి. 02 అంటే ప్రాసెసర్ల మధ్య ఇంటరప్టులు మోసే సీరియల్ బస్సులో చెక్‌సమ్ తప్పుతో సందేశం అందింది అని. రోజుకు ఒకటీ అరా వస్తే కెర్నల్ సర్దుకుపోతుంది. నిమిషానికి పదులుగా వస్తుంటే ముందు ఓవర్‌క్లాక్ (పెంచిన బస్సు వేగం) తీసేయండి, తర్వాత పవర్ సప్లై, ఆ తర్వాత కెపాసిటర్లు చూడండి. ఆ కాలపు కెపాసిటర్లు చాలా బోర్డుల్లో పాడయ్యాయి. బీపీ6ది పేరుమోసిన కేసు. సాకెట్ల దగ్గర కెపాసిటర్ల మూతలు పైకి ఉబ్బినా, అడుగున గోధుమరంగు పొక్కు కట్టినా ఆ కెపాసిటర్లు మార్చక తప్పదు. లో ఈఎస్ఆర్ (లోపలి నిరోధం తక్కువున్న) కెపాసిటర్లు హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో వెతకొచ్చు. "లో ఈఎస్ఆర్, 105 డిగ్రీలది" అని గట్టిగా అడగాలి, లేకపోతే మామూలువి చేతిలో పెడతారు. కొత్తది కొలతలో అంతే ఉందో లేదో, రెండు సాకెట్ల మధ్య పడుతుందో లేదో చూసుకోండి.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. దీని బయోస్‌లో 83 మెగాహెర్ట్జ్ బస్సు కూడా ఉంటుంది. పెట్టకండి. 66 దగ్గర పీసీఐ (డిస్కు కంట్రోలర్లు, కార్డులు తగిలే బస్సు) వేగం ప్రాసెసర్ బస్సులో సగం, 100 దగ్గర మూడో వంతు, రెండు చోట్లా 33. 83 దగ్గర మాత్రం సగమే కాబట్టి 41 దాటిపోతుంది. అప్పుడు ఐడీఈ కంట్రోలర్ తప్పులు రాయడం మొదలుపెడితే, రెయిడ్ ఆ తప్పుల్ని రెండు డిస్కుల మీదా శ్రద్ధగా రాసిపెడుతుంది.

నా మాట: బీపీ6 మీద మోజుంటేనే కొనండి. చేతిలో సోల్డరింగ్ ఐరన్ పట్టడం అలవాటుంటే ఇంకా మంచిది. నమ్మకంగా డేటా పెట్టుకోవడానికి మాత్రం వేరేది చూడండి.

స్లాట్ 1 బీఎక్స్ బోర్డులు

ఎసుస్ పీ2బీ-డీ, టయాన్ టైగర్ 100, సూపర్‌మైక్రో పీ6డీబీఈ. ఇవన్నీ అదే 440బీఎక్స్ చిప్‌సెట్, కానీ స్లాట్ 1లో పెంటియం 2, పెంటియం 3 కోసం. నేను ఎవరికైనా మొదటి డ్యూయల్ మెషీన్‌గా చెప్పేది ఈ వరసలోనే. కారణం సింపుల్: అప్పటి లినక్స్ డెవలపర్లలో చాలామంది బీఎక్స్ మెషీన్ల ముందే కూర్చునేవాళ్లు, అందుకే దానితో వచ్చే గొడవలు తక్కువ.

కొనేటప్పుడు మూడు చూసుకోవాలి. పాత రివిజన్ బోర్డుల వోల్టేజ్ రెగ్యులేటర్ తర్వాతి కాలపు కాపర్‌మైన్ పెంటియం 3లకు కావాల్సిన తక్కువ వోల్టేజ్ ఇవ్వలేదు. అలాంటి బోర్డుకు 450 నుంచి 600 దాకా ఉన్న కాట్‌మై చిప్‌లే వాడాలి. రెండు ప్రాసెసర్లూ ఒకే స్టెప్పింగ్‌వి, అంటే ఒకే చిప్ రివిజన్‌వి, అయితే మంచిది. కొన్నాళ్లు ఒక్క ప్రాసెసర్‌తోనే నడుపుదామనుకుంటే రెండో స్లాట్‌లో టెర్మినేటర్ కార్డు (ఖాళీ స్లాట్‌లో పెట్టేది) ఉండాలి, అమ్మేవాళ్లు అది ఇస్తున్నారో లేదో అడగండి.

ర్యామ్‌లో ఒక మెలిక ఉంది. బీఎక్స్ 256 మెగాబైట్ల మాడ్యూల్ తీసుకుంటుంది, నాలుగు పెడితే 1 జీబీ. కానీ మాడ్యూల్ రెండు వైపులా కలిపి 16 చిప్‌లు ఉండాలి. ఒకవైపే 8 చిప్‌లున్న 256 మాడ్యూల్ పెడితే 128గానే కనిపిస్తుంది. సికింద్రాబాద్ సీటీసీలో గానీ ఆన్‌లైన్‌లో గానీ పాత ఎస్‌డీర్యామ్ కొనేటప్పుడు స్టిక్కర్ చదవడం కన్నా చిప్‌లు లెక్కపెట్టుకోవడం మేలు.

లోటు ఏమిటంటే రెండు ప్రాసెసర్లూ 100 మెగాహెర్ట్జ్ బస్సు ఒక్కదాన్నే పంచుకోవాలి. ఎద్దులు రెండున్నా ఇరుసు ఒకటే. బోర్డు మీది ఐడీఈ కూడా యూడీఎంఏ 33 (సెకనుకు 33 మెగాబైట్లు) మాత్రమే. అందుకని డిస్కులకు పీసీఐ కార్డు పెట్టక తప్పదు, దాని సంగతి కింద చెప్తాను. పీ2బీ-డీఎస్ దొరికితే అందులో అడాప్టెక్ స్కజీ (సర్వర్ డిస్కుల కనెక్షన్) కంట్రోలర్ బోర్డు మీదే ఉంటుంది. స్కజీ డిస్కుల చప్పుడుకు తట్టుకోగలిగితే అదీ మంచి దారే.

వయా, సర్వర్‌వర్క్స్

అబిట్ వీపీ6, ఎంఎస్ఐ 694డీ ప్రో, ఎసుస్ సీయూవీ4ఎక్స్-డీ: వీటన్నిటికీ 133 మెగాహెర్ట్జ్ బస్సు, వయా చిప్‌సెట్. వీటిలో 686బీ సౌత్‌బ్రిడ్జ్ (డిస్కులు, కార్డుల పని చూసే చిప్) ఉన్నవి రెయిడ్‌కు వద్దనే అంటాను. 2001లో బయటపడ్డ ఆ చిప్ లోపం ఏమిటంటే, ఐడీఈ ఛానెళ్ల మధ్య భారీగా డేటా కదులుతున్నప్పుడు పాడవడం, ముఖ్యంగా సౌండ్ బ్లాస్టర్ లైవ్ కార్డు పక్కన ఉంటే. లినక్స్ కెర్నల్‌లో దానికి విరుగుడు పెట్టారు, బయోస్ అప్‌డేట్లు వచ్చాయి. అయినా రెండు ఛానెళ్ల మీద రెండు డిస్కులకు ఒకేసారి రాయడమంటే సరిగ్గా ఆ లోపాన్ని గిల్లడమే కదా.

పెంటియం 3 వరసలో పై మెట్టు టువాలటిన్. పెంటియం 3-ఎస్ 1.4 గిగాహెర్ట్జ్ దాకా, 512 కేబీ క్యాష్‌తో, దాదాపు 32 వాట్ల వేడితో నడుస్తుంది. టువాలటిన్ సెలెరాన్ జంటగా పనిచెయ్యదు, పొరపాటున అది కొనకండి. వీటికి టయాన్ థండర్ ఎల్ఈ-టీ, సూపర్‌మైక్రో పీ3టీడీఎల్ఈ లాంటి సర్వర్‌వర్క్స్ చిప్‌సెట్ బోర్డులు కావాలి. 64 బిట్ పీసీఐ స్లాట్లు, రిజిస్టర్డ్ ఈసీసీ (తప్పులు సరిదిద్దుకునే) మెమరీ, అంతా దిట్టంగా ఉంటుంది. అయితే సర్వర్‌వర్క్స్ ఓఎస్‌బీ4 ఐడీఈ కంట్రోలర్ మీద డీఎంఏతో (డిస్కు నుంచి నేరుగా మెమరీకి డేటా పంపే పద్ధతితో) డిస్కులు నడపొద్దు. "సర్వర్‌వర్క్స్ ఓఎస్‌బీ4 ఇన్ ఇంపాసిబుల్ స్టేట్" అనే మెసేజ్ కెర్నల్‌లో ఊరికే రాయలేదు. అక్కడ సీడీ డ్రైవ్ పెట్టుకుని, డిస్కులను స్కజీ మీదో సాటా (ఐడీఈ తర్వాత వచ్చిన కనెక్షన్) కార్డు మీదో నడిపితే, వేడికీ పనికీ చూస్తే అన్నిటికన్నా చక్కని మెషీన్ ఇదే.

అథ్లాన్ ఎంపీ

ఏఎండీ 2001 జూన్‌లో అథ్లాన్ ఎంపీ తెచ్చింది. ఇంటెల్ జంటల్లా కాకుండా ఇక్కడ ఒక్కో ప్రాసెసర్‌కూ చిప్‌సెట్ దాకా సొంత బస్సు. మొదటి బోర్డు టయాన్ థండర్ కే7కి మామూలు ఏటీఎక్స్ పవర్ సప్లై సరిపోదు, దానికంటూ వేరేది కావాలి కాబట్టి వదిలేయండి. తర్వాత వచ్చిన 760ఎంపీఎక్స్ చిప్‌సెట్ బోర్డులు చూడండి: టయాన్ టైగర్ ఎంపీఎక్స్, ఎసుస్ ఏ7ఎం266-డీ, ఎంఎస్ఐ కే7డీ మాస్టర్. వీటిలో 64 బిట్, 66 మెగాహెర్ట్జ్ పీసీఐ స్లాట్లున్నాయి. మామూలు పీసీఐ గరిష్ఠం సెకనుకు 133 మెగాబైట్లయితే వీటిది 533. రెయిడ్‌కు ఇదే అసలైన లాభం. ఆ స్లాట్ల గాడి మాత్రం 3.3 వోల్టులది, 5 వోల్టుల పాత కార్డు అందులో దిగదు.

మొదట్లో వచ్చిన ఎంపీఎక్స్ చిప్‌లలో యూఎస్‌బీ పనిచేసేది కాదు, కంపెనీలు బోర్డుతో పాటు ఒక యూఎస్‌బీ పీసీఐ కార్డు పెట్టెలో పడేసి అమ్మాయి. పాత బోర్డు కొంటే ఆ కార్డు గుర్తుంచుకోండి.

వేడి గురించి కూడా చెప్పాలి. ఒక్కో చిప్ దాదాపు 60 వాట్లు. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో దీన్ని రోజంతా నడపడం టెన్షనే. పైగా ఈ చిప్‌ల పైన లోహపు మూత ఉండదు, హీట్‌సింక్ క్లిప్ బిగించేటప్పుడు ఓరగా ఒత్తితే కోర్ మూల విరుగుతుంది. హీట్‌సింక్ సరిగ్గా కూర్చోకుండా ఆన్ చేస్తే చిప్ క్షణాల్లో పోతుంది. ఇప్పటి పవర్ సప్లైలలో 12 వోల్టుల లైను బలంగా, 5 వోల్టులది బలహీనంగా ఉంటుంది. ఈ కాలపు చాలా బోర్డులకు కావాల్సింది 5 వోల్టులే. సప్లై మీది లేబుల్‌లో మొత్తం వాట్లు కాదు, 5 వోల్టుల ఎదురుగా ఉన్న ఆంపియర్లు చదవండి.

ఇంకో దారి: పాతదే కావాలి, కానీ నేటి లినక్స్ కూడా ఎక్కాలంటే 2003లో వచ్చిన ఆప్టెరాన్ 200 సిరీస్ జంట, టయాన్ థండర్ కే8డబ్ల్యూ లాంటి బోర్డు. 64 బిట్, ఎస్‌ఎస్‌ఈ2, ప్రతి ప్రాసెసర్‌కూ సొంత మెమరీ కంట్రోలర్. పాతదనం కాస్త తగ్గుతుంది, అంతే.

డిస్కులు దేనికి తగిలించాలి

ఇరవై ఏళ్ల నాటి ఐడీఈ డిస్కుల్ని నమ్మి అర్రే (రెయిడ్‌లో డిస్కుల జట్టు) కట్టడం నాకు నచ్చదు. బేరింగ్ శబ్దం వినడానికి ఒకటి ఉంచుకోండి, డేటా వేరేచోట పెట్టండి. సిలికాన్ ఇమేజ్ 3114 చిప్ ఉన్న నాలుగు పోర్టుల పీసీఐ సాటా కార్డు బీఎక్స్ బోర్డుల్లో కూడా పనిచేస్తుంది, కెర్నల్‌లో డ్రైవర్ ఉంది. వయా పాత సాటా చిప్‌ల కార్డులు వద్దు. అవి 3 గిగాబిట్ డిస్కుతో వేగం తగ్గించుకుని మాట్లాడుకోలేవు, డిస్కు మీద జంపర్ పెడితే తప్ప కనిపించదు. పాత బయోస్ ఆ కార్డు నుంచి బూట్ కాకపోతే, బూట్ భాగాన్ని బోర్డు ఐడీఈ మీద చిన్న కాంపాక్ట్ ఫ్లాష్ కార్డులో పెట్టి మిగతాది సాటా మీద నడపండి. 137 జీబీ దాటిన డిస్కులు పాత బయోస్‌కు పూర్తిగా కనబడకపోయినా, బూట్ అయ్యాక లినక్స్ ఆ బయోస్ హద్దును పట్టించుకోదు. 2.4.19 కంటే పాత కెర్నల్ మాత్రం పెట్టకండి.

పాత ఐడీఈయే వాడతానంటే ఒక్కటే నియమం: ఒక కేబుల్‌కు ఒక డిస్కు. మాస్టర్, స్లేవ్‌గా రెండూ ఒకే కేబుల్ మీద పెట్టి రెయిడ్ 1 (రెండు డిస్కుల్లోనూ ఒకే డేటా) కడితే, ఒకటి చచ్చేటప్పుడు కేబుల్‌ను పట్టుకుని వేలాడి రెండోదాన్నీ లాక్కుపోతుంది. హెచ్‌పీటీ370 లాంటి చిప్‌ల బయోస్‌లో కనిపించే రెయిడ్ జోలికి పోకండి. ఆ పని చేసేది మీ ప్రాసెసరే, పైగా ఆ చిప్ పోతే అలాంటి చిప్పే వెతుక్కోవాలి. లినక్స్ ఎండీ (కెర్నల్‌లోని సాఫ్ట్‌వేర్ రెయిడ్) అర్రేను ఏ మెషీన్‌కు తగిలించినా తెరుచుకుంటుంది.

రెయిడ్ 1, 5, 10

రెయిడ్ 5 ఒక డిస్కు పోయినా డేటా తిరిగి కట్టుకోవడానికి ప్యారిటీ అనే లెక్క రాసుకుంటుంది, రెయిడ్ 10 కాపీలను డిస్కుల మీద పరుస్తుంది. ఆ ప్యారిటీ లెక్కలకు పాత ప్రాసెసర్ చాలదేమో అని అందరూ భయపడతారు. రెయిడ్ 5 మాడ్యూల్ లోడవుతున్నప్పుడు కెర్నల్ తన ఎక్సార్ (ప్యారిటీ లెక్క) వేగం కొలిచి లాగ్‌లో రాస్తుంది. పెంటియం 3లో అది సెకనుకు వెయ్యి మెగాబైట్ల చుట్టుపక్కల, ఆపైన ఉంటుంది. ఇరుకు అక్కడ లేదు, పీసీఐలో ఉంది. 133 అనేది లెక్క మాత్రమే, చేతికి అందేది వంద అటూ ఇటూ. రెయిడ్ 1లో 40 మెగాబైట్లు రాస్తే బస్సు మీద 80 వెళ్తుంది. ఫైల్ సర్వర్‌లో అయితే చదివిన ప్రతి బైటూ డిస్కు నుంచి మెమరీకి ఒకసారి, మెమరీ నుంచి నెట్‌వర్క్ కార్డుకు ఇంకోసారి అదే బస్సు దాటాలి. అంటే గిగాబిట్ కార్డు పెట్టినా సెకనుకు 50 మెగాబైట్లు దాటితే గొప్పే. అందుకే బీఎక్స్ మీద నాలుగు డిస్కుల రెయిడ్ 5 కట్టి వేగం కోసం చూడటం దండగ.

బీఎక్స్, బీపీ6 అయితే రెండు డిస్కుల రెయిడ్ 1తో ఆగండి. ఒక్క ఫైలు చదివేటప్పుడు వేగం పెరగదు, ఇద్దరు ముగ్గురు ఒకేసారి చదివితే పెరుగుతుంది. 2.6 కెర్నల్ ఉంటే రెండు డిస్కులతోనే రెయిడ్ 10ను ఫార్ లేఔట్‌లో (కాపీలను డిస్కులో దూరదూరంగా పెట్టే అమరికలో) కట్టొచ్చు. చదవడం రెండు డిస్కుల వేగంతో సాగుతుంది, రాయడం కొంచెం తగ్గుతుంది, బూట్ మాత్రం వేరే పార్టిషన్ నుంచి. 64 బిట్ స్లాట్లున్న ఎంపీఎక్స్, సర్వర్‌వర్క్స్ బోర్డుల మీద నాలుగు డిస్కుల రెయిడ్ 10కు అర్థముంది. రెయిడ్ 5లో రాసే మధ్యలో కరెంటు పోతే డేటాకూ ప్యారిటీకీ పొంతన తప్పుతుంది. మన ఊళ్లలో కరెంటు సంగతి తెలిసిందే కదా, యూపీఎస్ లేకుండా దాని జోలికి వెళ్లొద్దు.

ఏ లినక్స్, ఏ సర్దుబాట్లు

డెబియన్ 12 ఇక్కడ ఆఖరి మెట్టు. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 32 బిట్ పీసీలకు ఇన్‌స్టాలర్, కెర్నల్ రెండూ లేవు. స్లాక్‌వేర్ 15.0 ఇంకో దారి. 256 మెగాబైట్ల మెషీన్‌కు, కాలం నాటి రుచికి డెబియన్ 3.1 చాలు. అది నెట్‌కు తగలకుండా ఇంట్లోనే ఉండాలి. డెబియన్ 12లో పీఏఈ (32 బిట్ చిప్‌లకు ఎక్కువ మెమరీ చూపే విధానం) కెర్నల్ వేసుకుని, యూనేమ్ కమాండ్ ఇచ్చే లైన్‌లో ఎస్‌ఎంపీ (ఒకటికి మించి ప్రాసెసర్లు అని) అనే అక్షరాలున్నాయో చూడండి. బయోస్‌లో ఎంపీఎస్ (ఎక్కువ ప్రాసెసర్ల బోర్డుల ప్రమాణం) వెర్షన్ 1.4 ఉండాలి.

అర్రే కట్టేటప్పుడు మెటాడేటా (అర్రే తన గురించి డిస్కు మీద రాసుకునే సమాచారం) వెర్షన్ ఆలోచించుకోండి. బూట్‌లోడర్‌గా లైలో గానీ పాత గ్రబ్ గానీ వాడితే బూట్ పార్టిషన్‌కు 1.0 లేదా 0.90, ఎందుకంటే ఆ రెండూ సమాచారాన్ని పార్టిషన్ చివర రాస్తాయి, బూట్‌లోడర్‌కు అది మామూలు డిస్కులాగే కనిపిస్తుంది. 2.4 కెర్నల్‌కు 0.90 ఒక్కటే తెలుసు. కొత్త గ్రబ్ అయితే 1.2తో ఇబ్బంది లేదు.

రీసింక్ (డిస్కుల్ని మళ్లీ ఒకదానితో ఒకటి సరిచేయడం) వేగానికి కింది హద్దు డిఫాల్ట్‌గా సెకనుకు 1000 కేబీ. మెషీన్ పనిలో ఉంటే దాదాపు అంతకే దిగిపోతుంది, 80 జీబీ అర్రేకు 22 గంటలు. ఆ హద్దును 20000 చేస్తే గంటా పది నిమిషాల్లో అయిపోతుంది. రెండో ప్రాసెసర్ విలువ తెలిసేది ఇక్కడే: రెయిడ్ పని ఒకదాని మీద నడుస్తుంటే రెండోదాని మీద మీ టెర్మినల్ నత్తనడక నడవదు. రైట్ ఇంటెంట్ బిట్‌మ్యాప్ (ఎక్కడ రాస్తున్నదీ గుర్తు పెట్టే పట్టిక) పెట్టుకోండి, కరెంటు పోయి వచ్చినప్పుడు మొత్తం కాకుండా చెదిరిన చోటే సరిచేస్తుంది. దాని చంక్‌ను (ఒక్కో గుర్తు కిందికి వచ్చే డిస్కు భాగాన్ని) 64 మెగాబైట్లకు పెంచితే రాతల మీద భారం తగ్గుతుంది. ఇంటరప్టుల పట్టికలో అన్నీ సీపీయూ0 కిందే పడుతుంటే నెట్‌వర్క్ కార్డును రెండో ప్రాసెసర్‌కు మార్చండి. మిగతావి నోఎటైమ్, రీడ్‌ఎహెడ్ లాంటి మామూలు సర్దుబాట్లే.

డేటా కాపీ చెయ్యకముందే ఒక పరీక్ష పెట్టండి. బూట్‌లోడర్‌ను రెండు డిస్కుల మీదా వేసి, మెషీన్ ఆపి, మొదటి డిస్కు కేబుల్ పీకి ఆన్ చేయండి. బూట్ అయ్యాక ఎండీస్టాట్ ఫైలు చూస్తే, చదరపు బ్రాకెట్లలో రెండు యూ అక్షరాలుండాల్సిన చోట ఒక అండర్‌స్కోర్, ఒక యూ కనిపిస్తాయి. మళ్లీ ఆపి కేబుల్ పెట్టి, ఆ డిస్కును అర్రేలోకి చేర్చండి. రెండు యూలూ తిరిగొచ్చాక రెండో డిస్కుతో కూడా ఇదే చేసి చూడండి. రెండుసార్లూ లాగిన్ ప్రాంప్ట్ దాకా వస్తేనే మెషీన్‌లోకి ఫైళ్లు ఎక్కించండి.